వదిన చెప్పిన కప్పుల లెక్కను గ్రాముల్లోకి మార్చడం ఎలా? రెండుసార్లు కేకు చెడిపోయింది

నల్లకుంట వంటిల్లు:

నమస్కారం. వచ్చే ఆదివారం మా నాన్నగారి డెబ్బయ్యవ పుట్టినరోజు. ఆయనకు క్రీము పూసిన కేకులు నచ్చవు. మా చిన్నప్పుడు జీతం వచ్చిన రోజున ఇరానీ బేకరీ నుంచి కాగితంలో చుట్టించి తెచ్చేవారే, ఆ కాగితానికి వెన్న మరకలు అంటుకుని ఉండేవి, అదే ఆయన లెక్కలో కేకు. పైన పూత లేని, కోస్తే పసుపుగా కనిపించే వట్టి వెన్న కేకు. ఈసారి దాన్ని నా చేతులతో చేసి పెట్టాలని నా కోరిక.

న్యూజెర్సీలో ఉన్న మా వదిన తను చేసే పద్ధతి ఫోనులో చెప్పింది. దాన్ని అక్కడ ఒకటి-రెండు-మూడు-నాలుగు కేకు అంటారట. వెన్న ఒక కప్పు, పంచదార రెండు కప్పులు, మైదా మూడు కప్పులు, గుడ్లు నాలుగు. వీటికి తోడు ఒక కప్పు పాలు, మూడు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, కొంచెం వెనిలా. వింటే చిన్నపిల్లలు కూడా చేయగలరనిపిస్తుంది.

మొదటిసారి మా ఇంట్లో ఉన్న కొలత కప్పుతోనే కొలిచాను. అది రైస్ కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కప్పు. మైదాను వదిన చెప్పినట్టే జల్లించి, చెంచాతో నింపి, చాకు వెనక వైపుతో అంచుకు చదును చేశాను. వెన్న మాత్రం కప్పులో కుక్కడం కష్టమని, "రెండు స్టిక్కులు, అంటే 227 గ్రాములు" అని వదిన చెప్పిన మాట పట్టుకుని ఆ బరువే తీసుకున్నాను. కేకు ఓవెన్లో చక్కగా పొంగి, పావుగంటలో నడుమ గుంట పడి కుంగిపోయింది. టిన్ను అడుగున వెన్న తేలింది.

రెండోసారి కాటా కొన్నాను. కప్పు అంటే 240 అని ఎక్కడో చదివి, అన్నీ ఆ లెక్కనే తూచాను. మైదా 720, పంచదార 480, వెన్న 240, పాలు 240. కలుపుతుంటే గరిటె తిరగలేదు. అది చపాతీ ముద్దకు దగ్గరగా ఉంది. కాల్చిన తర్వాత మా అబ్బాయి ఒక ముక్క నమిలి నీళ్ళు అడిగాడు.

ఇప్పుడు వెతికితే ఒక కప్పు మైదా అంటే 120 అని ఒకరు, 125 అని ఒకరు, 140 అని, 150 అని ఇంకొకరు రాస్తున్నారు. ఒకే వస్తువుకు ఇన్ని అంకెలేమిటి? ఏది నమ్మాలి? నాకు ఇంకో ఆరు రోజులే ఉన్నాయి. దయచేసి ఎవరైనా విడమరచి చెప్పండి.

అట్లాంటా అక్క:

అమెరికా కప్పు అంటే దాదాపు 237 మిల్లీలీటర్లు. ఆహార పొట్లాల మీద లెక్క కోసం 240గా తీసుకుంటారు. మీరు చదివిన 240 మిల్లీలీటర్లే, గ్రాములు కావు. అక్కడే జరిగింది పొరపాటు. మీ వదిన కప్పులతోనే కొలుస్తారు కాబట్టి మీరూ 240 మిల్లీలీటర్ల కప్పుల సెట్టు ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది కదా. నేను ఇరవై ఏళ్ళుగా కప్పులతోనే చేస్తున్నాను. కేకులు బాగానే వస్తాయి.

కాకినాడ ఓవెన్:

నేను పదకొండేళ్ళుగా ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతున్నాను. మీరు రాసింది చదవగానే కాగితం తీసుకుని మీ రెండు కేకులనూ లెక్క వేసి చూశాను. రెండూ వేర్వేరు కారణాలతో చెడిపోయాయి. రెంటికీ కారణం కచ్చితంగా చెప్పవచ్చు.

మొదటి కేకు సంగతి. రైస్ కుక్కర్ కప్పు 180 మిల్లీలీటర్లు. అది జపాన్‌లో బియ్యానికి వాడే పాత కొలత. కుక్కర్ కంపెనీలు దాన్నే ప్రపంచమంతా పంచాయి. అమెరికా కప్పులో అది ముప్పాతిక వంతు. అంటే మీ గిన్నెలోకి మైదా, పంచదార, పాలు మూడూ ముప్పాతిక వంతే వెళ్ళాయి. వెన్న, గుడ్లు, బేకింగ్ పౌడర్ మాత్రం పూర్తి పాళ్ళలో వెళ్ళాయి. పట్టుకోవడానికి పిండి చాలలేదు. పొంగించేది ఎక్కువైంది, వెన్న ఎక్కువైంది. పొంగి కుంగడం, అడుగున వెన్న తేలడం రెండూ అందుకే. మీరు వెన్నను కూడా ఆ కప్పుతోనే కొలిచి, మూడు గుడ్లు, రెండుంపావు టీస్పూన్ల బేకింగ్ పౌడర్ వేసి ఉంటే కేకు చక్కగా వచ్చేది, కాకపోతే కొంచెం చిన్నది. కప్పు చిన్నదైనా పెద్దదైనా అన్నిటికీ అదే కప్పయితే పాళ్ళు చెడవు. సగం కప్పుతో, సగం కాటాతో కొలిచినప్పుడే పేచీ వస్తుంది.

రెండో కేకులో మైదా సరిగ్గా రెట్టింపు పడింది. వదిన గారి మూడు కప్పుల మైదా దాదాపు 360 గ్రాములు, మీరు వేసింది 720. పాలు, వెన్న మాత్రం ఇంచుమించు సరిపోయాయి, ఎందుకో గమనించారా? నీళ్ళు మిల్లీలీటరుకు ఒక గ్రాము తూగుతాయి. పాలు నీళ్ళకంటే రవ్వంత బరువు, వెన్న రవ్వంత తేలిక. కాబట్టి వాటికి 240 అనే అంకె దాదాపుగా పనిచేస్తుంది. మైదా అలా కాదు. కప్పులో కనిపించే పిండిలో చాలా భాగం గాలి.

ఆ గాలి ఎంత అన్నదే మీకు కనిపించిన 120, 125, 140, 150ల రహస్యం. ఆ అంకెలు రాసినవాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు, వాళ్ళు కప్పు నింపిన తీరు వేరు. నాకు ఇది ఎలా తెలిసిందంటే, అయిదేళ్ళ క్రితం నా దగ్గర ఇద్దరు అమ్మాయిలు పనిచేసేవారు. ఒకే పద్ధతి, ఒకే ఓవెన్, ఒకే మైదా బస్తా. సోమవారం కేకు దూదిలా వచ్చేది, మంగళవారం కేకు ఎండినట్టు ఉండేది. నేను ఓవెన్‌ను అనుమానించి మెకానిక్‌ను కూడా పిలిపించాను. చివరికి ఒకరోజు పక్కన నిలబడి చూశాను. ఒక అమ్మాయి చెంచాతో మెల్లగా కప్పులోకి రాల్చి చదును చేస్తోంది. ఇంకో అమ్మాయి కప్పును డబ్బాలో ముంచి, ఖాళీ లేకుండా దిగడానికి గట్టుమీద రెండుసార్లు తట్టి, ఆపైన చదును చేస్తోంది. ఆ అమ్మాయి శ్రద్ధ కొద్దీ తడుతోంది, తప్పు పట్టడానికి లేదు. మన ఇళ్ళలో కొలత అంటే నిండుగా, వెలితి లేకుండా ఇవ్వడమే కదా.

ఆ సాయంత్రం అదే 240 కప్పుతో మూడు రకాలుగా నింపి తూచాను. జల్లెడలోంచి నేరుగా కప్పులోకి రాలిస్తే 112 గ్రాములు. చెంచాతో వేసి చదును చేస్తే 124. ముంచి తడితే 148. ఈ కేకుకు మూడు కప్పులు కదా, తేలికగా నింపినదానికీ తట్టి నింపినదానికీ మధ్య తేడా 108 గ్రాములు. దాదాపు ఒక కప్పు మైదా కనపడకుండా అదనంగా పడిపోతుందన్నమాట. కప్పుల సెట్టు కొంటే చాలని అట్లాంటా అక్క గారు అన్నారు. ఆవిడ చేతికి ఇరవై ఏళ్ళుగా ఒకే తీరు అలవాటైంది కాబట్టి ఆవిడకు సరిపోతుంది. ఆ కప్పు ఇంకొకరి చేతికి మారితే మాత్రం అది వేరే కప్పు అవుతుంది.

పంచదారకు ఈ బాధ చాలా తక్కువ. గింజ గట్టిది, నొక్కినా పెద్దగా అణగదు, కప్పు 200 గ్రాములు. అదే పంచదారను పొడి చేస్తే కప్పుకు 115 నుంచి 120 మాత్రమే. కోకో పొడి ఇంకా తేలిక, 85. తేనె 340. నూనె సుమారు 218. ఒకే కప్పులో కోకో పడితే 85, తేనె పడితే 340, నాలుగింతల తేడా! ఇది ఒకసారి మనసులో పడితే "కప్పుకు ఎన్ని గ్రాములు" అని ఇంకెప్పుడూ అడగరు, "కప్పు దేనికి" అని అడుగుతారు.

ఇంకొక చిన్న మాట. "జల్లించిన మైదా ఒక కప్పు" అని, "ఒక కప్పు మైదా, జల్లించి" అని పద్ధతుల్లో రాస్తారు. మొదటిదానిలో ముందు జల్లించి తర్వాత కొలవాలి, రెండోదానిలో కొలిచాక జల్లించాలి. పది పన్నెండు గ్రాముల తేడా అక్కడే వచ్చేస్తుంది. గ్రాముల్లో రాస్తే ఎప్పుడు జల్లించినా ఒకటే.

కప్పులను అంచుకు చదును చేసి కొలవాలన్న నియమాన్ని అమెరికా ఇళ్ళలో బాగా వ్యాప్తి చేసింది ఫానీ ఫార్మర్ అనే ఆవిడ. బోస్టన్ వంట పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలు. 1896లో వచ్చిన ఆమె వంటల పుస్తకం అక్కడ ఇంటింటికీ చేరింది. అంతకుముందు వాళ్ళు కూడా "కోడిగుడ్డంత వెన్న" అని రాసుకునేవారు, మనం "నిమ్మకాయంత చింతపండు" అన్నట్టే. దానితో పోలిస్తే చదును కప్పు గొప్ప ముందడుగు. ఇళ్ళలో గ్రాము తేడా చూపే కాటాలు లేని కాలంలో ఆవిడ చేసిన మేలు నేను తక్కువ చేయను. ఇప్పుడు కొన్ని వందల రూపాయలకు కాటా దొరుకుతోంది కాబట్టి దాన్నే వాడుకుందాం అంటున్నాను.

మీ కేకు గ్రాముల్లో ఇదీ: వెన్న 227, పంచదార 400, మైదా 360, పెంకు తీసిన గుడ్లు 200, పాలు 240 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడర్ మూడు టీస్పూన్లు. గుడ్లను మాత్రం లెక్కపెట్టకండి, తూచండి. అక్కడ పెద్ద గుడ్డు అంటే పెంకు లేకుండా 50 గ్రాములు. మనకు దొరికే గుడ్డు ఒక్కోసారి 42 కూడా తూగదు. నాలుగు కొట్టి చూడండి. 200కు తగ్గితే అయిదోది గిలకొట్టి కావలసినంత పోయండి.

బేకింగ్ పౌడర్, సోడా, ఉప్పు కాటా మీద వేయకండి. ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్ నాలుగు గ్రాములు. గ్రాము దాకానే చూపించే కాటాలో ఆ తూకం నమ్మలేం. పైగా చిటికెడు చిటికెడుగా వేస్తే కొన్ని కాటాలు దాన్ని పట్టించుకోకుండా సున్నా దగ్గరే ఉండిపోతాయి. అయిదు మిల్లీలీటర్ల కొలత చెంచాతో చదునుగా తీసుకోండి. కాఫీ కలుపుకునే చెంచా వద్దు. బజారులో దొరికే పసుపు వెన్న చాలావరకు ఉప్పు కలిపినదే, అది వాడితే వేరే ఉప్పు వేయకండి.

మెల్‌బోర్న్ మామయ్య:

కాకినాడ గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. పద్ధతి ఏ దేశానిదో ముందు చూడండి. ఇక్కడ ఆస్ట్రేలియాలో కప్పు 250 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూన్ 20. అమెరికాలోనూ ఇండియాలో దొరికే సెట్లలోనూ టేబుల్ స్పూన్ 15. కప్పు తేడా చిన్నదే, చెంచా తేడా మాత్రం మూడో వంతు. మా ఆవిడ ఇక్కడి పత్రికలో చూసి మా మేనకోడలికి విశాఖపట్నం పంపిన పద్ధతిలో మూడు టేబుల్ స్పూన్ల జెలటిన్ అని ఉంది. ఆ అమ్మాయి తన చెంచాతో 45 వేసింది, కావలసింది 60. పుడ్డింగు గట్టిపడక గిన్నెలోనే జారుతూ ఉండిపోయింది. అప్పటి నుంచి మా ఇంట్లోంచి ఏ వంట బయటికి వెళ్ళినా గ్రాముల్లోనే వెళుతుంది.

అమలాపురం పెద్దమ్మ:

అమ్మాయీ, నీ కేకు బాగా రావాలని కోరుకుంటున్నాను. అయితే తూకమే అన్నిటికీ మందు అన్నట్టు మాట్లాడుతున్నారు, అది నేను ఒప్పుకోను.

మేము గిద్ద, సోల, తవ్వ, మానికలతో పెరిగినవాళ్ళం. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. గ్రాములు, కిలోలు చట్టంగా వచ్చింది 1956లో, మా అమ్మ మాత్రం తను పోయేదాకా సోలనే పట్టుకుంది. ఆవిడ వండిన అన్నం ఏ రోజూ చెడలేదు. బియ్యం, పప్పు గట్టి గింజలు. ఎవరు పోసినా సోలలో ఇంచుమించు అంతే పడతాయి.

ఇంకో సంగతి, అరిసెలు. తడిపిండిని తూచి చూడండి, అందులో నీళ్ళ బరువెంతో ఎవరు చెప్పగలరు? ఒకరు బియ్యం ఒక రాత్రి నానబెడతారు, ఒకరు రెండు రోజులు. ఒకరు గుడ్డ మీద అరగంట ఆరబెడతారు, ఒకరు వెంటనే దంపిస్తారు. కిలో పిండి అంటే ఒక్కో ఇంట్లో ఒక్కో లెక్క. మేము పాకం పట్టి, దింపి, పట్టినంత పిండే కలుపుతాం. పిండి మిగిలితే మిగులుతుంది. అక్కడ కాటా ఏం చేస్తుంది?

కాకినాడ ఓవెన్:

పెద్దమ్మగారూ, మీరు చెప్పిన రెండూ నిజం. నేను కొలతంతా మైదా గురించే చెప్పాను, గింజ గురించి ఆలోచించలేదు. సోల గింజల కోసం పుట్టిన కొలత, గింజలకు అది చక్కగా సరిపోతుంది. పిండి కోసం పుట్టింది కాదు.

అరిసెల విషయంలో మాత్రం ఒక మాట చెప్పనివ్వండి. నేను కూడా సంక్రాంతికి ఆర్డర్లు తీసుకుంటాను. తడిపిండి తూచను, నానబెట్టే ముందు పొడి బియ్యాన్ని తూస్తాను. కిలో బియ్యానికి బెల్లం 700 నుంచి 750. ఆ తర్వాత పాకం దగ్గర మీరన్నట్టు చేతిదే తీర్పు, పిండి ఎంత పడుతుందో పాకమే చెబుతుంది. గోధుమ పిండితో కేకు చేసినా ఇంతే. చక్కీ ఆటా మైదా కంటే ఎక్కువ తడి పీలుస్తుంది, బరువు సమానంగా తీసుకున్నా పాలు కొంచెం పెంచాలి. బరువు సరిపోయినంత మాత్రాన పిండి గుణం మారదు.

నల్లకుంట గారూ, ఒక్క పని ఈ రాత్రే చేయండి. మీ ఇంట్లో ఉన్న ప్రతి కప్పునూ, గ్లాసునూ కాటా మీద పెట్టి, సున్నా చేసి, అంచు దాకా నీళ్ళు పోయండి. వచ్చిన గ్రాములే దాని మిల్లీలీటర్లు. మీ కాటా సరిగ్గా ఉందో లేదో కూడా తెలిసిపోతుంది, ఎందుకంటే కుక్కర్ కప్పు 180కి దగ్గరగా చూపించాలి. మీది చిన్న ఓవెన్ అయితే సగం పాళ్ళే చేయండి. కలిపిన పిండిని రెండో విడత కోసం గట్టుమీద ఉంచితే బేకింగ్ పౌడర్ బలం కొంత అప్పుడే పోతుంది.

నల్లకుంట వంటిల్లు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆదివారం రాత్రి పదకొండింటికి రాస్తున్నాను, అంట్లు ఇంకా తోమలేదు.

ముందుగా నీళ్ళ పరీక్ష చేశాను. కుక్కర్ కప్పు 181 చూపించింది, కాబట్టి కాటా మంచిదే. "కప్పుల సెట్టు" అని మా వీధి చివర కొన్న ప్లాస్టిక్ కప్పు అంచు దాకా 262 పట్టింది! 240 గీత అంచుకు ఇంకా కిందనే ఉంది. నేను దాన్ని అంచు దాకా నింపి చదును చేయబోయేదాన్ని.

సగం పాళ్ళు తీసుకున్నాను. వెన్న 113, పంచదార 200, మైదా 180, పాలు 120, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్. గుడ్లు రెండు కొడితే 87 గ్రాములే వచ్చాయి. మూడోది గిలకొట్టి 13 గ్రాములు పోశాను, మిగిలింది అబ్బాయికి అట్టు వేశాను. గిన్నెను కాటా మీదే ఉంచి, ఒక్కొక్కటి వేసేముందు సున్నా చేస్తూ పోయాను, కడగవలసిన కప్పులే లేవు. పిండి గరిటె నుంచి పట్టీలా జారింది. వదినకు వీడియోలో చూపిస్తే "అదీ, అలాగే ఉండాలి" అంది. ఎనిమిది అంగుళాల టిన్నులో, 180 డిగ్రీల దగ్గర, 38 నిమిషాలు. పైన చిన్న పగులు వచ్చింది, నడుమ మాత్రం కుంగలేదు.

నాన్నగారు మొదటి ముక్క తిని ఏమీ అనలేదు. రెండో ముక్క తీసుకుని, "దీన్ని కాగితంలో పెట్టి ఇవ్వు, రేపు పొద్దున కాఫీతో తింటాను" అన్నారు.

ఇప్పుడు వదిన తిరిగి అడుగుతోంది, మా అత్తగారి సున్నుండల లెక్క కావాలట, అదీ గ్రాముల్లో. అత్తగారేమో "గ్లాసుడు మినుములకు ముప్పాతిక గ్లాసు బెల్లం తురుము" అంటారు. ఆ స్టీలు గ్లాసు నీళ్ళతో తూచాను, 290 పట్టింది. మినుములు ఎవరు పోసినా ఒకటే అని పెద్దమ్మగారు చెప్పారు కాబట్టి వాటిని ఒక్కసారే తూస్తాను. బెల్లం తురుమును మాత్రం అత్తగారి చేతే గ్లాసులో పోయించాలి. ఆవిడ బొటనవేలితో ఎంత నొక్కుతారో ఆవిడకే తెలుసు. మూడుసార్లు పోయించి, మూడూ తూచి, రేపు ఇక్కడే రాస్తాను.